జరగని యుద్ధం నడిపిన చరిత్ర: 1940 మార్చి



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి రెండో ప్రపంచయుద్ధపు తొలి నెలలను ఎంచుకున్నాను. ఆయన చరిత్ర చెప్పేటప్పుడు "అలా జరగక తప్పలేదు" అని ఎవరైనా అంటే ఊరుకునేవారు కాదు. తప్పలేదన్న సంగతి ఎవరికి తెలుసు, ఏ తేదీకి తెలుసు అని నిలదీసేవారు. జవాబులో తేదీ లేకపోతే మార్కు వేసేవారు కాదు. ఆయన పెట్టిన ఆ నియమంతోనే ఈ సాయంత్రం ఒక జరగని యుద్ధం గురించి మాట్లాడతాను.

మనం బడిలో నేర్చుకున్న రెండో ప్రపంచయుద్ధంలో ఒక పక్క జర్మనీ, ఇటలీ, జపాన్ ఉంటాయి, మరో పక్క బ్రిటన్, సోవియట్ యూనియన్, అమెరికా ఉంటాయి. ఈ పటం 1941 డిసెంబరు తర్వాతది. 1940 మార్చి మొదటివారంలో పటం ఇలా లేదు. అమెరికా, ఇటలీ రెండూ యుద్ధానికి బయటే ఉన్నాయి. జపాన్ చైనాలో కూరుకుపోయి ఉంది. సోవియట్ యూనియన్ జర్మనీకి ధాన్యం, చమురు అమ్ముతోంది. ఫిబ్రవరి 11న కుదిరిన ఒప్పందం ప్రకారం 10 లక్షల టన్నుల ధాన్యం, 9 లక్షల టన్నుల చమురు పంపాలి. బ్రిటన్, ఫ్రాన్స్ ఏమో, జర్మనీతో యుద్ధంలో ఉంటూనే, సోవియట్ సైన్యం మీదికి తమ దళాలను ఓడలెక్కించే పనిలో ఉన్నాయి. ఇది ఎవరో నవలాకారుడు ఊహించింది కాదు, ఆనాటి మంత్రివర్గాల మినిట్స్‌లో ఉన్న సంగతి.

"అలా కాక ఇలా అయితే" అనే ప్రశ్న మీద చరిత్రకారులకు చిన్నచూపు ఉంది. దానికి కారణాలూ ఉన్నాయి. హిట్లర్ చిన్నప్పుడే చనిపోయి ఉంటే అని మొదలుపెట్టి వందేళ్ళ కథ అల్లేవాళ్ళకు అడ్డేముంది? అందుకే నాకు నేను కొన్ని హద్దులు పెట్టుకున్నాను. మార్చే సంగతి చిన్నదై ఉండాలి. ఆనాటివాళ్ళు దాన్ని నిజంగా బల్ల మీద పెట్టుకుని చర్చించి ఉండాలి. దాని నుంచి రెండు మూడు అడుగులకు మించి ముందుకు పోకూడదు. నాలుగో అడుగుకు వచ్చేసరికి మనం చరిత్ర వదిలేసి కోరికలు రాయడం మొదలుపెడతాం.

ముందు 1939 వేసవి గురించి కొంచెం చెప్పాలి. జర్మనీని ఆపడానికి మాస్కోతో సైనిక ఒప్పందం చేసుకుందామని బ్రిటన్, ఫ్రాన్స్ ఒక బృందాన్ని పంపాయి. అడ్మిరల్ డ్రాక్స్, జనరల్ దూమాంక్ దానికి నాయకులు. వాళ్ళు విమానంలో వెళ్ళలేదు. ఆగస్టు 5న 'సిటీ ఆఫ్ ఎక్సెటర్' అనే మామూలు ప్రయాణికుల ఓడ ఎక్కి, లెనిన్‌గ్రాడ్‌లో దిగి, 11న మాస్కో చేరారు. తొందరపడవద్దని డ్రాక్స్‌కు లండన్ చెప్పి పంపింది. సంతకం పెట్టే అధికారపత్రం కూడా ఆయన చేతిలో లేదు. ఆగస్టు 14న సోవియట్ రక్షణమంత్రి వొరొషిలోవ్ సూటిగా అడిగాడు: జర్మనీ దాడి చేస్తే మా సైన్యం పోలండ్ మీదుగా, రుమేనియా మీదుగా నడవడానికి అనుమతి ఉందా? జవాబు రాలేదు. పోలండ్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి పోలండ్‌కు ఉన్న కారణాలు ఎంత న్యాయమైనవో సెప్టెంబరు 17న సోవియట్ సైన్యం లోపలికి నడిచినప్పుడు తేలింది. ఈలోగా ఆగస్టు 23న జర్మన్ విదేశాంగమంత్రి రిబ్బెన్‌ట్రాప్ విమానంలో మాస్కోలో దిగాడు, ఆ రాత్రే ఒప్పందం ముగిసింది. తూర్పు యూరప్‌ను పంచుకునే రహస్య పత్రం మీద కూడా సంతకాలు పడ్డాయి.

ఓడకు బదులు విమానమెక్కి ఉంటే చరిత్ర మారిపోయేదని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. స్టాలిన్‌కు హిట్లర్ ఇవ్వజూపింది భూమి, కొంత కాలం. లండన్, పారిస్ ఇవ్వగలిగింది యుద్ధంలో చోటు మాత్రమే. పోలండ్ దారి ఇవ్వనంత వరకు ఎంత వేగంగా వెళ్ళినా ఫలితం అదే. ఈ "అయితే"లో మార్చాల్సింది ఓడను కాదు, సోవియట్‌తో పోలండ్‌కున్న ఇరవై ఏళ్ళ అనుభవాన్ని. అది చిన్న మార్పు కాదు కాబట్టి నా హద్దులకు బయటిది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సెప్టెంబరు 17న సోవియట్ సైన్యం తూర్పు నుంచి పోలండ్‌లోకి నడిచినప్పుడు బ్రిటన్ సోవియట్ మీద యుద్ధం ఎందుకు ప్రకటించలేదు? పోలండ్‌కు రక్షణగా నిలబడతామని ఆగస్టు 25న రాసిచ్చారు కదా. ఆ ఒప్పందానికి జతచేసిన రహస్య పత్రంలో, దాడి చేసే "యూరప్ దేశం" అంటే జర్మనీయేనని రాసుకున్నారు. అక్టోబరు 19న టర్కీతో కుదిరిన ఒప్పందంలోనూ, సోవియట్‌తో యుద్ధానికి దిగాల్సిన బాధ్యత టర్కీకి ఉండదని మినహాయింపు రాశారు. అంటే తొలి వారాల్లోనే అన్ని రాజధానులూ ఒక తలుపు తెరిచి ఉంచుకున్నాయి. ఎవరు ఎవరితో చివరికి నిలబడతారో తమకే తెలియదని వాళ్ళకు తెలుసు.

ఇక ఫిన్లండ్ దగ్గరికి వస్తాను. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లండ్ మీద పడింది. మర్నాడే సరిహద్దు పట్టణం తెరియోకిలో కూసినెన్ అనే కమ్యూనిస్టు నాయకుడి కింద ఒక "ప్రజాప్రభుత్వం" వెలిసింది. ఫిన్లండ్‌కు అసలు ప్రభుత్వం అదేనని మాస్కో ప్రకటించింది. డిసెంబరు 14న నానాజాతి సమితి సోవియట్ యూనియన్‌ను బహిష్కరించింది, ఫిన్లండ్‌కు చేతనైన సాయం చేయమని సభ్యదేశాలను కోరింది. సువోముస్సల్మి అడవుల్లో, రాతే రోడ్డు మీద మంచులో ఇరుక్కున్న సోవియట్ డివిజన్లను ఫిన్లండ్ సైనికులు ముక్కలు ముక్కలుగా నరికేశారు. ప్రపంచం అబ్బురపడింది. 37 లక్షల జనాభా ఉన్న దేశం అంతటి సైన్యాన్ని నిలబెట్టడం చూసి ఫ్రాన్స్‌లో, బ్రిటన్‌లో మంత్రుల ఆలోచనలు వేరే దారి పట్టాయి.

ఆ ఆలోచన వెనక ఇనుము ఉంది. స్వీడన్ ఉత్తరాన కిరునా, యెల్లివారె గనుల నుంచి వచ్చే ముడిఖనిజం జర్మనీ ఉక్కు కొలిమికి ప్రాణం. వేసవిలో అది బాల్టిక్ వైపు లులెయో రేవు నుంచి పోయేది. చలికాలంలో అక్కడి సముద్రం గడ్డకడుతుంది కాబట్టి రైల్లో నార్వేలోని నార్విక్ రేవుకు తెచ్చి ఓడల్లో పంపేవారు. ఫిన్లండ్‌కు సాయం వెళ్ళాలంటే దారి సరిగ్గా ఈ నార్విక్, కిరునా, లులెయోల మీదుగానే. సాయం పేరుతో గనులు చేతికొస్తాయి. అప్పట్లో నౌకాదళ మంత్రిగా ఉన్న చర్చిల్ నార్విక్ గురించి యుద్ధం మొదలైన నాటి నుంచీ పోరు పెడుతున్నాడు. ఫిబ్రవరి 5న పారిస్‌లో బ్రిటన్, ఫ్రాన్స్‌ల ఉన్నత యుద్ధమండలి సమావేశమై దళాలు పంపాలని తీర్మానించింది. పంపే దళాల్లో ఫిన్లండ్ యుద్ధరంగం దాకా చేరేది కొద్ది భాగమే. మిగతావాళ్ళు గనులకు, రేవులకు, రైలుదారికి కాపలా.

ఫిన్లండ్ పేరు చెప్పి ఇనుము కోసం వెళ్ళడం నాకు తప్పుగానే కనిపిస్తుంది. ఆ దేశం రక్తం ఓడుస్తుంటే దాన్ని దారి ఖర్చుగా లెక్కవేశారు. ఫ్రెంచి ప్రధాని దలాదియే మార్చి మొదట్లో 50 వేల మందిని, 100 బాంబర్లను పంపుతామని మాట ఇచ్చాడు. ఆ మాటకు వెనక అంత సరంజామా లేదు. ఫిన్లండ్ బహిరంగంగా సాయం కోరాలి, అదీ గడువులోగా కోరాలి అని షరతు. గడువు మార్చి 5 అన్నారు, తర్వాత 12 దాకా పెంచారు.

నార్వే, స్వీడన్ దారి ఇవ్వబోమన్నాయి. స్వీడన్ రాజు గుస్తావ్ ఫిబ్రవరి 19నే ఆ సంగతి బహిరంగంగా చెప్పాడు. ఫిబ్రవరి 11న సోవియట్ సైన్యం సుమ్మా దగ్గర మన్నర్‌హైమ్ రక్షణరేఖను బద్దలుకొట్టింది. సైనికులు అలసిపోయారు, మందుగుండు అయిపోవచ్చింది, ఇక సంధి చేసుకోవడమే మంచిదని ఫిన్లండ్ సేనాధిపతి మన్నర్‌హైమ్ తన ప్రభుత్వానికి చెప్పాడు. ప్రధాని ర్యుటి బృందం మాస్కో వెళ్ళింది.

మార్చి 12న లండన్‌లో మంత్రివర్గం కూర్చుంది. నార్విక్ దండయాత్ర నాయకులను పిలిపించి, నార్వే వాళ్ళు ఎదురు తిరిగితే ఏం చేస్తారని ప్రశ్నించారు. జవాబులు చాలామంది మంత్రులను భయపెట్టాయి, కానీ వెళ్ళమనే తేల్చారు. ఓడలెక్కే దళాలు సిద్ధంగా ఉన్నాయి. అదే రాత్రి మాస్కోలో ఫిన్లండ్ ప్రతినిధులు సంధి పత్రం మీద సంతకం చేశారు. 13న కాల్పులు ఆగాయి. ఫిన్లండ్ వైపు 25 వేల మంది, సోవియట్ వైపు వాళ్ళ లెక్కల ప్రకారమే 1,26,000 మందికి పైగా చనిపోయారు. కరేలియా నుంచి 4 లక్షల మందికి పైగా జనం ఇళ్ళు వదిలి ఫిన్లండ్ లోపలికి తరలిపోయారు.

ఆ సంతకం కొద్ది రోజులు ఆలస్యమైతే? మాస్టారు కోరినట్టు తేదీతో అడుగుతున్నాను: మార్చి 12న ఫిన్లండ్ సంధికి బదులు సాయం కోరితే?

మొదటి అడుగు. ఓడలు నార్విక్ చేరతాయి. నార్వే అధికారులు నిరసన తెలుపుతారు, బహుశా కొన్ని తుపాకులు పేలతాయి. గట్టిగా ఎదురైతే వెనక్కి రమ్మనాలన్నది లండన్ ఆలోచన. నా అంచనాలో సైనికులు నార్విక్‌లో దిగేవాళ్ళు కానీ స్వీడన్ దాటేవాళ్ళు కాదు. ఆ రైలు కరెంటుతో నడుస్తుంది, కరెంటు స్వీడన్ చేతిలో ఉంది. మీట నొక్కితే బండి ఆగిపోతుంది. ఆర్కిటిక్ చలిలో, పరాయి పట్టాల పక్కన, స్కీలు తొడగడం రాని బెటాలియన్లు ఇరుక్కుపోతాయి.

రెండో అడుగు. నార్వే, డెన్మార్క్ మీద దాడికి సిద్ధం కమ్మని హిట్లర్ మార్చి 1నే ఆజ్ఞ ఇచ్చాడు. బ్రిటిష్ ఓడల వార్త అందిన గంటల్లోనే ఆ దాడి మొదలయ్యేది. అప్పుడు స్కాండినేవియాలో బ్రిటిష్, ఫ్రెంచి దళాలకు ఒక పక్క జర్మన్లు, మరో పక్క సోవియట్లు. ప్రకటించినా ప్రకటించకపోయినా యుద్ధం ఇద్దరితోనూ.

ఇదే సమయంలో దక్షిణాన ఇంకో పథకం తయారవుతోంది. సోవియట్ చమురులో దాదాపు నాలుగింట మూడు వంతులు బాకూ నుంచే వచ్చేది. సిరియా, ఇరాక్‌లలోని స్థావరాల నుంచి వందకు కాస్త అటూఇటూగా బాంబర్లను పంపి బాకూ, గ్రోజ్నీ, బాతూమిలను తగలబెడితే జర్మనీకి చమురు ఆగుతుంది, సోవియట్ వ్యవసాయం కూలుతుంది అని లెక్కవేశారు. సంధి జరిగాక కూడా ఈ పథకం ఆగలేదు. మార్చి 30న ఇరాక్‌లోని హబ్బానియా నుంచి పౌర విమానం వేషంలో ఒక లాక్‌హీడ్ బాకూ మీద ఎగిరి ఫొటోలు తీసింది. ఏప్రిల్ 5న బాతూమి మీద ఎగిరినప్పుడు కింది నుంచి తుపాకులు పేలాయి. జూన్‌లో ఫ్రాన్స్ కూలినప్పుడు లా షారితె అనే ఊళ్ళో ఆగిన రైల్లో ఈ కాగితాలన్నీ జర్మన్లకు దొరికాయి. వాళ్ళు వాటిని అచ్చువేసి లోకానికి చూపించారు.

బాకూ నిజంగా తగలబడి ఉండేదా? నాకు నమ్మకం లేదు. 1943 ఆగస్టు 1న అమెరికన్లు 177 బాంబర్లను రుమేనియాలోని ప్లొయెష్టి చమురు శుద్ధి కర్మాగారాల మీదికి పంపారు. 50కి పైగా విమానాలు పోయాయి, కొద్ది వారాల్లో ఉత్పత్తి మళ్ళీ పుంజుకుంది. 1940లో అంతకంటే చిన్న విమానాలతో, తక్కువ బాంబులతో బాకూను ఆర్పేస్తామనుకోవడం ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగరబోవడమే. బాకూ మీద బాంబులు పడితే బాకూ పోయేది కాదు, స్టాలిన్‌తో రాజీకి దారి పోయేది.

మూడో అడుగు, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది. జూన్‌లో ఫ్రాన్స్ పడిపోవడం ఈ కథలోనూ ఆగదు. ఆర్డెన్ అడవుల గుండా వచ్చే ట్యాంకులకు నార్విక్‌తో సంబంధం లేదు. 1940 మే 26 నుంచి 28 దాకా లండన్ యుద్ధ మంత్రివర్గంలో ఒక వాదన నడిచింది. ఇటలీ మధ్యవర్తిత్వంతో ఏ షరతులు దొరుకుతాయో చూద్దామని విదేశాంగమంత్రి హాలిఫాక్స్, పోరాడి తీరాలని అప్పటికి ప్రధాని అయిన చర్చిల్. చర్చిల్ గెలిచాడు, కానీ సునాయాసంగా కాదు. ఆ గదిలోకి ఇంకో మాటను తీసుకురండి: మనం ఇప్పుడు జర్మనీతో మాత్రమే కాదు, సోవియట్‌తో కూడా యుద్ధంలో ఉన్నాం. హాలిఫాక్స్ పక్కకు ఆ ఒక్క బరువు చేరితే? హిట్లర్, స్టాలిన్ శాశ్వత మిత్రులవుతారని నేను భయపడను. ఆ మూడు రోజుల్లో బ్రిటన్ చేతులెత్తేస్తుందేమోనని భయపడతాను. నాలుగో అడుగు వేయనని ముందే చెప్పాను కాబట్టి ఇక్కడ ఆగుతాను.

ఇన్ని వదులుగా ఉన్న సంగతుల మధ్య వదులుకానిది ఒకటి ఉంది. తూర్పున భూమి కోసం యుద్ధం హిట్లర్ సొంత కోరిక, ఎవరూ అతన్ని అందులోకి తోయలేదు. 1940 నవంబరు 12, 13 తేదీల్లో సోవియట్ విదేశాంగమంత్రి మొలొతోవ్ బెర్లిన్ వెళ్ళినప్పుడు, నాలుగు దేశాల కూటమిలో చేరి దక్షిణంగా హిందూ మహాసముద్రం వైపు విస్తరించమని సోవియట్‌ను ఊరించారు. అంటే బేరంలో పెట్టిన సరుకు మనమే. మొలొతోవ్ మాత్రం ఫిన్లండ్ గురించి, బల్గేరియా గురించి అడుగుతూ కూర్చున్నాడు. నవంబరు 25న మాస్కో తన షరతులు రాసి పంపింది. హిట్లర్ జవాబే ఇవ్వలేదు. డిసెంబరు 18న సోవియట్ మీద దాడికి ఆజ్ఞ సంతకం చేశాడు. ఏది చిన్న సంఘటనతో మారేది, ఏది మారనిది అన్నది విడదీయడానికే నేను ఈ ప్రశ్నను వాడతాను.

దీనికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. స్టాలిన్ ఎందుకు ఆగాడు? మార్చిలో ఫిన్లండ్ రక్షణరేఖ బద్దలైంది, హెల్సింకీ దాకా వెళ్ళే బలం సోవియట్‌కు ఉంది. అయినా జనవరి 29నే, ర్యుటి ప్రభుత్వంతో మాట్లాడటానికి అభ్యంతరం లేదని స్వీడన్ ద్వారా మాస్కో కబురు పంపింది. స్టాక్‌హోంలో సోవియట్ రాయబారిగా ఉన్న అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ ఈ రాయబారంలో కీలకం. కూసినెన్ ప్రభుత్వాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేశారు. ఎర్రసైన్యం పరువు పోవడం దీనికి ఒక కారణం. బ్రిటన్, ఫ్రాన్స్ దిగుతాయేమో, తనకు అక్కర్లేని యుద్ధం మెడకు చుట్టుకుంటుందేమో అన్న శంక రెండో కారణం. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా అదే వేసవిలో స్వాతంత్ర్యం పోగొట్టుకున్నాయి. ఫిన్లండ్ భూమి పోగొట్టుకుంది, దేశంగా మిగిలింది. ఫిన్లండ్ సైనికుల పోరాటం దీనికి మొదటి కారణం. ఎన్నడూ బయల్దేరని ఆ ఓడలు రెండోది.

అందుకే అంటున్నాను, జరగనివి చరిత్రకు బయట ఉండవు. జరగబోతున్నట్టు కనబడి, మనుషుల చేత నిర్ణయాలు చేయించి, ఆ తర్వాత మాయమవుతాయి. ఓడలు కదల్లేదు కాబట్టి నార్విక్ దండయాత్రను పాఠ్యపుస్తకం నుంచి తీసేస్తే, మార్చి 12 సంధి మనకు సగమే అర్థమవుతుంది. ఆనాటివాళ్ళు ఏం జరుగుతుందని అనుకున్నారో తెలియకుండా వాళ్ళు ఎందుకలా చేశారో చెప్పడం అసాధ్యం.

ఆ పటం తర్వాత ఎంతగా తిరగబడిందో చూడండి. 1940 జనవరిలో రేడియోలో ఫిన్లండ్ వీరత్వాన్ని ఆకాశానికెత్తిన చర్చిల్, జర్మనీ సోవియట్ మీద పడిన 1941 జూన్ 22 రాత్రి అదే రేడియోలో రష్యాకు అండగా నిలుస్తామన్నాడు. అదే చర్చిల్ ప్రభుత్వం 1941 డిసెంబరు 6న ఫిన్లండ్ మీద యుద్ధం ప్రకటించింది. అది ఫిన్లండ్ స్వాతంత్ర్య దినం.

మన సంగతికి వస్తాను. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మనల్ని అడగకుండానే మనల్ని యుద్ధంలో దింపాడు. కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, మద్రాసులో రాజాజీ ప్రభుత్వం కూడా. సుభాష్ బోస్ 1941 జనవరిలో కలకత్తా ఇంటి నుంచి తప్పించుకుని, కాబూల్ మీదుగా, ఇటలీ పాస్‌పోర్టుతో మాస్కో దాటి, ఏప్రిల్ 2న బెర్లిన్ చేరారు. మాస్కో, బెర్లిన్‌ల మధ్య స్నేహం ఉంది కాబట్టే ఆ దారి తెరిచి ఉంది. ఆరు నెలలు ఆలస్యమైతే ఆ దారే లేదు. జర్మనీ సోవియట్ మీద పడ్డాక ఆయన లెక్క మొత్తం చెదిరింది.

ఇది సామ్రాజ్యవాద యుద్ధం, దీనికి ఒక్క మనిషినీ ఒక్క పైసానూ ఇవ్వబోమని చెప్పి ఆంధ్ర కమ్యూనిస్టులు జైళ్ళకు, అజ్ఞాతానికి వెళ్ళారు. 1941 డిసెంబరు నాటికి పార్టీ దాన్ని ప్రజాయుద్ధం అంది. 1942 జూలైలో పార్టీ మీది నిషేధం ఎత్తేశారు. అటు తిరగడం ద్రోహమని ఒకరు, తప్పనిసరి అని ఒకరు ఇప్పటికీ వాదించుకుంటారు. రెండు వాదనలూ 1941 జూన్ తర్వాత తెలిసినదాన్ని ముందే తెలిసినట్టు మాట్లాడతాయి. 1940 మార్చిలో గుంటూరులోనో బెజవాడలోనో దాక్కున్న కార్యకర్త బ్రిటన్, సోవియట్ యుద్ధానికి దిగుతాయని నమ్మి ఉంటే, అది అమాయకత్వం కాదు. లండన్ మంత్రివర్గం కూడా అదే అనుకుంటోంది.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1939 ఆగస్టులో మంగోలియా సరిహద్దున ఖాల్ఖిన్ గోల్ దగ్గర సోవియట్ చేతిలో ఓడాక, 1941 ఏప్రిల్ 13న మాస్కోతో తటస్థ ఒప్పందం చేసుకున్నాక, జపాన్ ఉత్తరాన్ని వదిలి దక్షిణానికి తిరిగింది. దానికి ఇతర కారణాలూ ఉన్నాయి కానీ ఈ కారణం లేకుండా ఆ బాంబుల కథ పూర్తికాదు.

ఈ సభలో ఉన్నవాళ్ళకు ఒక విన్నపం. మీ తాతల కాలపు కరపత్రాలు, ఉత్తరాలు, డైరీలు, పార్టీ సర్క్యులర్లు, జైలు నుంచి వచ్చిన కార్డులు ఇంకా ఇళ్ళలో, పెట్టెల్లో ఉన్నాయి. 1939 సెప్టెంబరుకూ 1941 జూన్‌కూ మధ్య రాసినవాటిని ముందుగా వెతకండి. తర్వాత ఏమవుతుందో తెలియకముందు మన ఊళ్ళలో మనుషులు ఏం ఊహించారో వాటిలో ఉంటుంది, తర్వాత రాసిన ఆత్మకథల్లో ఉండదు. వాటిని దగ్గరలోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో ఇవ్వండి, ఇవ్వలేకపోతే ఫొటోలైనా తీయించి ఇవ్వండి. తేదీ వేసి ఉన్న కాగితమైతే, చిరిగినదైనా సరే, పారేయకండి.